ఆదెప్ప కొనబోయిన కంప్యూటరు

నిడుగల్లు ఆదెప్ప తన జన్మలో ఏ వస్తువునూ సొంత బుద్ధితో కొని ఎరగడు. కొనే ముందు నలుగురిని అడగాలి. నలుగురూ ఒకే మాట చెబితే ఇందులో ఏదో మోసం ఉందని అనుమానం వచ్చి ఇంకో నలుగురిని అడగాలి. నలుగురూ నాలుగు రకాలుగా చెబితే మాత్రం ఆయనకు ప్రాణం లేచివచ్చేది. ఇక ఆ వ్యవహారం ఆరు నెలలదాకా తెమలదు.

చేతకాక కాదు. పదెకరాల మెట్ట ఉంది. తాలూకాలో బోర్లన్నీ దుమ్ము కక్కుతున్న రోజుల్లో కూడా మడిలోకి కాసిన్ని నీళ్లు పోసే బోరొకటి ఉంది. ఇంట్లో తినేది మొగుడూ పెళ్లాం ఇద్దరే. కొనగలడు. తేల్చుకోలేడు, అంతే.

ఒకసారి గొడుగు కొనాలా వద్దా అని మూడేళ్లు ఆలోచించాడు. ఆ మూడేళ్లూ పావగడ తాలూకాలో గొడుగు తడిసేంత వాన పడలేదు. తొందరపడి కొనుంటే ఎంత తెలివితక్కువ పని అయ్యుండేదో చూశావా అని భార్య నరసక్కకు పదిసార్లు చెప్పి మురిసిపోయాడు. నాలుగో ఏడు తేల్చుకొని హిందూపురం వెళ్లి గొడుగు కొన్నాడు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి నల్లగొడుగు కన్నా ముదురు నీలం మేలన్నాడట. మడకశిరలో దిగి, వెనక్కి వెళ్లి, గొడుగు వాపసు ఇచ్చి, ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు.

ఆ మాటకొస్తే నరసక్కను చేసుకోవడం కూడా ఇలాగే జరిగింది. పెళ్లిచూపులకు మూడుసార్లు వచ్చాడు. మూడోసారి మజ్జిగ తాగి, చెంబు కింద పెట్టి, పిల్ల తండ్రినే పక్కకు పిలిచి, "మీరు పెద్దోళ్లు, నాలుగూళ్లు చూసినోళ్లు. ఈ పిల్లను చేసుకోమంటారా, వద్దంటారా?" అని సలహా అడిగాడు. పెద్దాయన కాసేపు తబ్బిబ్బయ్యాడు. చివరికి, "నా మాట విని చేసుకోప్పా, మంచి పిల్ల," అన్నాడు. తలుపు చాటునుంచి విన్న నరసక్కకు ఈ మనిషి పిచ్చివాడో, మరీ మంచివాడో అంతుబట్టలేదు. ఇరవై ఏడేళ్లు కాపురం చేసినా అంతుబట్టలేదు.

ఎనభై అయిదు కరువు తర్వాత ఈ అలవాటుకు ఇంకో తోక మొలిచింది. సలహా చెప్పినవాళ్లకు ఆదెప్ప ఫీజు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఊరికే వచ్చిన సలహా ఒంటికి పట్టదని ఆయన సిద్ధాంతం. వస్తువు పెద్దదయ్యేకొద్దీ సలహా కూడా బరువెక్కుతుందని ఇంకో సిద్ధాంతం. టార్చిలైటు మీద సలహాకు దోసెడు శెనక్కాయలు. రేడియో మీదైతే సేరు. టీవీ మీద సలహాకు చేట నిండా రాగులు. ఆ టీవీ ఆలోచన రెండేళ్లు నడిచింది. ఈయనకు సలహా చెప్పడం కోసం ఆలోచించి, ఆలోచించి, దాని మంచి గుణాలన్నీ మనసుకు పట్టేసి ఊళ్లో ముగ్గురు టీవీలు కొనుక్కున్నారు. ఆదెప్ప మాత్రం కొనలేదు. ఆ మూడిళ్లలోనూ వంతులేసుకొని చూసేవాడు.

అటువంటి మనిషి తొంభై ఎనిమిదిలో, వరసగా రెండేళ్లు వానలు ఎగ్గొట్టి ఊరంతా ఎండిపోయి కూర్చున్న ఎండాకాలంలో, ఇంట్లోకి వచ్చి స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. నరసక్క పొయ్యి దగ్గర ముద్ద కెలుకుతోంది.

"నరసీ, కంప్యూటరు కొందామనుకుంటా ఉండా."

తెడ్డు ఆగింది. "ఏం కొందామని?"

"కంప్యూటరు. హిందూపురంలో చూసొచ్చినా. పైన టీవీ మాదిరి ఉంటాది. కింద ఒక పెట్టె. ముందర అచ్చరాల పలక."

"దాంతో ఏం చేస్తావు?"

"అదే తెలీదు," అన్నాడు ఆదెప్ప, ముఖం వెలిగిపోతూ. "నలుగుర్నీ అడగల్ల."

నరసక్క మళ్లీ ముద్ద కెలకడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో చెప్పగలిగినవాడు లేడు. వచ్చినప్పుడు కూడా బల్బులో తీగ ఎర్రగా కనిపించేదే గాని గోడ కనిపించేది కాదు. గొడుగుకు నాలుగేళ్లు పట్టినవాడికి కంప్యూటరుకు నలభై ఏళ్లు పడుతుందిలే, అప్పటికి తానుండదులే అని ఆమె ధైర్యం తెచ్చుకుంది.

వారం తిరక్కుండా హిందూపురం అంగడినుంచి ఎర్రిస్వామి అనే కుర్ర సేల్సుమాను దిగాడు. మెడకు టై. ఆ ఎండలో మెడకు గుడ్డ కట్టుకొని వచ్చిన మనిషిని చూసి గొంతు నొప్పేమో అనుకొని నరసక్క మిరియాల కషాయం పెట్టి ఇచ్చింది. అతను తాగేసి, రంగురంగుల కాగితాలు పరిచి, ఈ యంత్రం ఏమేమి చేయగలదో గంటసేపు చెప్పాడు. ఆదెప్ప ఒక్కో మాటకూ తలూపి విన్నాడు. అంతా విన్నాక, "ఇంతకీ నువ్వేమంటావు నాయనా, నన్ను కొనమంటావా?" అని అతన్నే అడిగాడు. ఎర్రిస్వామి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. ఆ ప్రశ్న అతన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు.

కొనమన్నాడు. సేరు కాయలు ఫీజు పుచ్చుకొని వెళ్లాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ కొనమన్నాడు, మళ్లీ సేరు. నాలుగోసారి భోజనం చేసి, నరసక్క నూరిన ఊరిబిండి పచ్చడి తిని, చేయి కడుక్కొని, టై వదులు చేసుకొని, "పెద్దాయనా, మీ అన్నం తిని అబద్ధం చెప్పలేను. మీకిది వద్దు," అన్నాడు. ఆదెప్ప సంతోషించాల్సింది పోయి గాభరాపడ్డాడు. అంత తొందరగా తేల్చేయకు నాయనా, ఇంకొంచెం ఆలోచించు అని బతిమాలాడు. చివరికి సలహా అడిగే నెపంతో అతన్ని వెంటబెట్టుకొని పావగడలో టైపు నేర్పే ఆయన దగ్గరికి వెళ్లాడు. ఆదెప్పకు సలహా చెబుతూ చెబుతూ ఆ టైపు మాస్టరే ఒక కంప్యూటరు కొనేశాడు.

ఊళ్లో సలహాల జాతర మాత్రం సాగుతూనే ఉంది. పొద్దున్నే ఎద్దులబండి కట్టుకొని బయల్దేరేవాడు ఆదెప్ప. భర్త పోయి, ఒక ఎకరాను పట్టుకొని బతుకుతున్న ఓబమ్మ దగ్గరికి ఆరుసార్లు వెళ్లాడు. ఎలుకలు తీగలు కొరుకుతాయి, వద్దన్నా అని ఆమె మొదటిరోజే తేల్చింది. మరి పిల్లిని పెంచితే, అని ఆయన రెండో రోజు వెళ్లాడు. పిల్లి వెచ్చగా ఉంటుందని ఆ పెట్టెమీదే ఈనుతుంది అందామె. ఈనితే పిల్లలకు హాని కదా, అని మూడో రోజు వెళ్లాడు.

గొర్రెల కాటప్ప సలహా వేరు. వాళ్ల నాన్న కాలందాకా వాళ్లది మందల వెంట తిరిగిన కుటుంబం. ఇప్పుడు మూడెకరాల సేద్యం, పది గొర్రెలు, రెండు మేకలు. ఎర్రిస్వామి ఇచ్చిన రంగు కాగితం అతని చేతిలో పెట్టి ఆదెప్ప వివరిస్తుండగానే మేక వచ్చి కాగితాన్ని సగం తినేసింది. మిగిలిన సగం చూస్తూ కాటప్ప చాలాసేపు ఆలోచించాడు.

"ఇది మేత తినదు కదన్నా?"

"తినదు."

"నీళ్లు తాగదు."

"తాగదు."

"ఈ కరువులో అది మంచి గుణమే. మరి ఏం చేస్తాది?"

"ఉన్నెవన్నీ లెక్కపెట్టి చెప్తాదంట."

"లెక్కపెట్టనీకి ముందు ఏమన్నా ఉండల్ల కదన్నా," అన్నాడు కాటప్ప.

ఇంత గొప్ప మాట తాను ఎక్కడా వినలేదని ఆదెప్ప దాన్ని ఊరంతా చెప్పుకొచ్చాడు.

శెనక్కాయలు కొట్టే మిషను పెట్టుకున్న శివన్న ఒక్కడే మరో మాట లేకుండా కొనమన్నాడు. ఊళ్లో కాస్త ఉన్నవాడు, నాలుగు లోకాలూ చూసినవాడు. తప్పకుండా కొను ఆదెప్పా, వచ్చే కాలమంతా దానిదే, తాలూకాఫీసులో కూడా పెడతారంట, అని రెండు గంటలు పూసగుచ్చినట్టు చెప్పాడు. చెప్పినవాళ్లందరిలోకీ వివరం తెలిసి చెప్పింది అతనే. ఆదెప్ప అది విని భయపడిపోయి, రెండు పూటలు అన్నం సయించక పడుకున్నాడు.

మే నెల చివర ఒక సాయంత్రం కోట కొండ వెనక మెరిసింది. నరసక్క ఆకాశం చూసి, విత్తనం చూసుకుందామని మూటలు పెట్టిన గది తలుపు తీసింది. బోరు దయవల్ల పోయినేడు తమకు మాత్రమే చేతికొచ్చిన కాయ అది. గోడ పొడుగునా పైకప్పుదాకా పేర్చిన మూటలు ఆమె నడుందాకా దిగిపోయి ఉన్నాయి. ఈసారి సలహా ఫీజు దోసెళ్లలో, సేర్లలో కాదు, మూటల్లో పోతోందని ఆమెకు అప్పుడు తెలిసింది. గడప మీద కూర్చొని మూటలు లెక్కపెట్టింది. మిగిలినవి ఎనిమిదెకరాలకు కూడా చాలవు. వాన పడి నేలకు పదును దొరికినప్పుడు చేతిలో విత్తనం లేకపోతే ఏడాది అంతా పోయినట్టే. మనిషి పిచ్చివాడో, మంచివాడో ఇక ఇవాళ తేలిపోయిందనుకుంది.

మరునాడు కాయలు కొట్టించుకోవడానికి మిషను దగ్గరికి వెళితే శివన్న ఎదురు ఫిర్యాదు పెట్టాడు. రెండు గంటలు గొంతు పోయేలా చెబితే తనకు దోసెడు కాయలు ఇచ్చాడట. ఎలుకలూ పిల్లులూ అని మాట్లాడిన ఓబమ్మకు రెండు మూటలట. కాగితం మేకకు పెట్టిన కాటప్పకు ఏకంగా ఆరు మూటలట.

"ఇదేమన్నా న్యాయమా నరసక్కా?" అన్నాడు శివన్న.

న్యాయం కాదని నరసక్కా ఒప్పుకుంది. వెళ్లి ఆ మూటలు వెనక్కి అడుగుదామని తిన్నగా ఓబమ్మ ఇంటికి నడిచింది. ఏమని అడగాలో దారిపొడుగునా నోట్లో కూర్చుకుంది.

ఓబమ్మ ఇల్లంటే ఒకటే గది. ఆ గదిలో మూలన, నాలుగు రాళ్ల మీద బండ పరిచి, దానిమీద రెండు మూటలు నిలబెట్టి ఉన్నాయి. చీమలు రాకుండా చుట్టూ బూడిద చల్లి ఉంది. ఎలుకలు రాకుండా కంపముళ్లు పేర్చి ఉన్నాయి. పొయ్యిమీద మాత్రం ఏమీ లేదు. పక్కన సొట్ట గిన్నెలో గంజి ఉంది.

నరసక్క చూపు మూటల మీదే ఉండడం గమనించి ఓబమ్మ కొంగు సర్దుకుంది.

"ఒక్క కాయ కూడా నోట్లో ఏసుకోలేదక్కా. ఎకరాకు సరిగ్గా సరిపోతాయి. పోయినేడు ఇత్తనం తినేసినాం. ఈ ఏడు బీడే అనుకొని, బెంగుళూరికి కూలికి పోదామని గుడ్డలు మూట కట్టుకుంటి. అన్న ఆరుసార్లు వచ్చి ఆ కంప్యూటరు ముచ్చట అడిగినాడు. గుడ్డల మూట ఇప్పేసినా."

నరసక్క నీళ్లు అడిగి తాగింది. దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఆ నీళ్లతోపాటు మింగేసి బయటికొచ్చింది. తిరిగి వస్తూ కాటప్ప గొర్రెలదొడ్డి దగ్గర ఆగి, ఈ ఏడు ఎంత విత్తుతున్నావని మాత్రం అడిగింది. మూడెకరాలూ విత్తుతానన్నాడు. ఎకరాకు రెండు మూటలు. ఓబమ్మకు ఎకరా, రెండు మూటలు. కాటప్పకు మూడు, ఆరు మూటలు. విత్తనానికి వెతుక్కోనక్కరలేని శివన్నకు దోసెడు. ఇంటికి చేరేసరికి ఆమె నడక నెమ్మదించింది.

ఆదెప్ప వాకిట్లో విత్తే గొర్రుకు తాడు బిగిస్తున్నాడు. నరసక్క పక్కన కూర్చుంది.

"సలహా బాగుండాదా లేదా అని కాదు నువ్వు ఫీజు ఇచ్చేది. భూమి ఎంతుండాదో చూసి ఇస్తా ఉండావు."

తాడు చేతిలోనే ఉంది గాని బిగించడం ఆగిపోయింది. "కొంచిం అట్ల కుదిరిపోయింది," అన్నాడు నేల చూస్తూ.

"నాకేల చెప్పలేదు?"

అప్పుడు చెప్పాడు. ఎనభై అయిదు కరువులో తన స్నేహితుడు బొమ్మన్నకు విత్తనం లేదని తెలిసి, బండిమీద రెండు మూటలు తీసుకుపోయి, నలుగురూ చూస్తుండగా అతని వాకిట్లో దింపాడట. తిరిగి ఇవ్వొద్దని గట్టిగా కూడా చెప్పాడట. బొమ్మన్న తల వంచుకొని ఊ అన్నాడు. తెల్లారి చూస్తే ఆ రెండు మూటలూ ఆదెప్ప వాకిట్లో ఉన్నాయి. బొమ్మన్న పెళ్లాం బిడ్డలతో పొద్దుటి బస్సుకే బెంగుళూరు వెళ్లిపోయాడు. మూటలు వెనక్కి వచ్చిన సంగతి నరసక్కకు తెలుసు. ఎందుకు వచ్చాయో తెలియదు. అతని చేను ఈరోజుకీ బీడే.

"ఇచ్చింది తప్పు కాదు నరసీ. అందరి ముందరా ఇస్తి. అది తప్పు. అందరికీ నేను తిక్కోడినని ముందే తెలుసు కదా. తిక్కోడు ఇచ్చేది తీసుకుంటే ఎవురికీ చిన్నతనం కాదు."

నరసక్క గొర్రు తాడు రెండో కొస అందుకొని పట్టుకుంది. తర్వాత ఆమెకు ఒక అనుమానం వచ్చింది.

"అయితే కంప్యూటరే ఎందుకు?"

"మూటలు ఇయ్యాలంటే వస్తువు పెద్దదిగా ఉండల్ల కదా. ముందు ట్రాక్టరు అనుకుంటి. అందరూ కొనమంటారు, నిజంగా కొనాల్సొస్తాది. ఫ్రిజ్జు అనుకుంటి. నువ్వు కొనమంటావు. ఎవురికీ పనికిరానిది, ఎవురూ కొనమననిది ఏముండాదా అని నెల రోజులు వెతికినా. మొన్న శివన్న కొనమనేసరికి నా గుండె ఆగినంత పనయింది."

నరసక్కకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వు ఆగాక లేచి గదిలోకి వెళ్లి మిగిలిన మూటలు ఇంకోసారి చూసుకొని వచ్చింది. గుట్టకింది చేలో ఈసారి ఉలవ చల్లుకుందాం, ఆరెకరాలకే శెనక్కాయ పెట్టుకుందాం అంది. ఆదెప్ప తలూపాడు.

"రంగక్కను అడిగినావా?" అంది మళ్లీ.

"ఏ రంగక్క?"

"ఊరి చివర రంగక్క. ఎకరా ఉండాది ఆమెకు."

ఆదెప్ప నాలుక కరుచుకున్నాడు. రేపే వెళతానన్నాడు.

"నువ్వొద్దు, నేను పోతాలే. మా ఆయన కంప్యూటరు కొనేట్టే ఉండాడు, ఏ రంగుదైతే ఇంటికి అచ్చొస్తాదో చెప్పమని అడుగుతా."

మృగశిర కార్తెలో రెండు పదున్ల వాన పడింది. ఆ వారం నిడుగల్లులో గొర్రు కట్టని ఇల్లు లేదు. ఓబమ్మ ఎకరా, కాటప్ప మూడెకరాలు, రంగక్క ఎకరా, సలహా చెప్పిన మిగతావాళ్ల చేలు అన్నీ ఒకేసారి పచ్చబడ్డాయి. నడుమ ఇరవై రోజులు వాన మొహం చాటేసి అందరి ప్రాణాలూ తోడేసినా, ఊడ నేలలోకి దిగి కాయ కట్టేవేళకు తిరిగొచ్చింది. ఊరి పెద్దలు గుర్తుపెట్టుకొని చెప్పుకునేంత పంట కాదు గాని, ఇంటింటికీ కాయ చేరింది. ఎర్రిస్వామి కూడా ఒకసారి వచ్చి, టై లేకుండా, పచ్చికాయలు ఉడకబెట్టించుకొని తిని వెళ్లాడు.

కాయ పీకి, ఆరబోసిన రోజుల్లో ఒక పొద్దున ఆదెప్ప ఇంటిముందు కాటప్ప బండి వచ్చి ఆగింది. బండి నిండా మూటలు. ముందు ఓబమ్మ, పక్కన రంగక్క, వెనక ఇంకో ఐదారుగురు. ఆదెప్ప తువ్వాలు భుజాన వేసుకుంటూ బయటికొచ్చాడు. మూటలు చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. వెనక్కి వచ్చిన మూటలు ఆయన జీవితంలో ఒకసారి చూశాడు, మళ్లీ చూసే ధైర్యం లేదు.

ఓబమ్మ ముందుకొచ్చి, చేతులు కట్టుకొని, ముఖంలో నవ్వన్నది కనపడనీయకుండా నిలబడింది.

"అన్నా, నీతో ఒక సలహా కావాలని వచ్చినా."

 ఆదెప్ప తన జన్మలో అందరినీ అడిగాడు గాని ఆయన్ను సలహా అడిగినవాళ్లు లేరు. "ఏంది ఓబమ్మా?"

"ఏరోప్లేను కొందామనుకుంటా ఉండా. కొనాల్నా, వద్దా? ఊరికే చెప్పొద్దులే, ఫీజు తెచ్చినా. కాటప్ప కూడా ఒకటి కొనాలంటా ఉండాడు."

బండి మీదున్న కాటప్ప ఎంతో గంభీరంగా తలూపాడు. రంగక్క తన ఆలోచన ఇంకా తేలలేదని, రంగు దగ్గరే ఆగిపోయిందని చెప్పింది.

ఆదెప్ప నోరు తెరిచాడు.  ఎడమకు చూశాడు, కుడికి చూశాడు, అడగడానికి ఎవరూ లేరు. కళ్లు తుడుచుకోవడానికి తువ్వాలు తీసి, అది కనపడకుండా ముక్కు తుడుచుకున్నాడు. లోపలినుంచి అంతా విన్న నరసక్క చేతిలో చేటతో గడపలోకి వచ్చింది.

"కొనుక్కో ఓబమ్మా, మంచిదే," అంది. "మా కళ్లంలో మాత్రం దింపొద్దు. కాయలు ఆరబోసినాం."